టమాటా నారుకు నా హస్తవాసి

2023, వర్షాకాలం. వృక్షశాస్త్ర విభాగంలో టెక్నికల్ అసిస్టెంటుగా రిటైరై, మళ్ళీ కాంట్రాక్టు మీద అదే విభాగంలో నెట్‌హౌస్ చూసుకుంటున్న రోజులు. నెట్‌హౌస్ అంటే ఆకుపచ్చ వల కప్పిన ఇనుప పందిరి. లోపల సిమెంటు బల్లలు, వాటి మీద కుండీలు, ట్రేలు. ఎండను సగం ఆపుతుంది, కోతుల్ని పూర్తిగా ఆపుతుంది. కోతుల సంగతి కాస్త పెంచి చెప్పాను. వాటినీ సగమే ఆపేది.

మా ఇల్లు తార్నాకలోనే. పొద్దున్నే స్టీలు క్యారియర్ పట్టుకుని, మెట్రో స్టేషన్ కింద ఆటోల మధ్య నుంచి యూనివర్సిటీ గేటు దాకా నడిచి వెళ్ళేవాణ్ణి. పీహెచ్‌డీ పిల్లలు ప్రయోగాలు చేస్తారు. ఆ ప్రయోగాలకు కావలసిన మొక్కల్ని బతికించి ఉంచడం నా పని. నీళ్ళు, ఎరువు, పురుగు, తాళంచెవి అన్నీ నా చేతిలోనే.

ఆ చేతి గురించి కొంచెం చెప్పాలి. నేను ఎండుపుల్ల గుచ్చినా చిగురిస్తుందని విభాగంలో పేరు. ఒకసారి విదేశం నుంచి వచ్చిన శాస్త్రవేత్త ఒకాయన నా చేతిని ఫొటో తీసుకుని మరీ వెళ్ళాడు. నిజానికి ఆయన తీసింది ఆర్కిడ్ పువ్వుని. కుండీ పట్టుకున్న నా చెయ్యి అందులో పడింది. ఎండుపుల్ల అన్నది గన్నేరు కొమ్మ. దాన్ని ఎవరు గుచ్చినా చిగురిస్తుంది. ఇలా పెంచి చెప్పడం నాకు చిన్నప్పటి జబ్బు. ఈ కథలో ఎక్కడ పెంచితే అక్కడే ఒప్పుకుంటూ వెళతాను. ఒక్కచోట మాత్రం ఒప్పుకోవడం కష్టమైంది. అందుకే రాస్తున్నాను.

విభాగానికి స్కూలు పిల్లలు చూడ్డానికి వస్తే ప్రొఫెసర్ పద్మజ మేడం నన్నే పిలిచేవారు. నేను అత్తిపత్తి కుండీ ముందు వంగి, "పడుకోవే పాపా!" అనేవాణ్ణి. ఆకులు టపటపా ముడుచుకునేవి. "ఈ మొక్కకు నా గొంతు తెలుసు. మీరు పిలవండి చూద్దాం" అనేవాణ్ణి. పిల్లలు దూరంగా నిలబడి అరిచేవారు. ఆకు కదిలేది కాదు. పిల్లల కళ్ళు నా వైపు తిరిగేవి. ఆ కళ్ళ కోసమే నేను బతికేవాణ్ణి.

అందులో గొంతు మహిమ ఏమీ లేదు. "ప" అన్నప్పుడల్లా నోటి నుంచి గాలి ఫట్టుమని వస్తుంది. ఆ గాలి ఆకును తాకుతుంది. ఆకు మొదట్లో చిన్న కణుపులాంటి భాగం ఉంటుంది. తాకిడి తగలగానే అందులోని కణాలు నీటిని వదిలేస్తాయి. ఆకు వాలిపోతుంది. పిల్లల్ని దూరంగా నిలబెట్టడమే నా విద్య.

ఆ విద్యను మొదటిసారి పట్టుకున్నది అఖిల. నల్లగొండ వైపు టమాటా పండించే కుటుంబం. అమ్మానాన్నా ఊళ్ళో, తను మాణికేశ్వర్ నగర్‌లో ఒక గది అద్దెకు తీసుకుని పీహెచ్‌డీ చేస్తోంది. స్కూలు పిల్లలు వెళ్ళిపోయాక నా దగ్గరకొచ్చి, అట్టముక్క ఒకటి నా నోటికీ మొక్కకూ మధ్య అడ్డంపెట్టి, "ఇప్పుడు పిలువుండ్రి సార్" అంది.

పిలిచాను. ఆకు కదల్లేదు.

"పాప అలిగినట్టున్నది సార్" అని ఒకటే నవ్వు. కోపం రాలేదు. అమ్మాయి మీద ముచ్చటేసింది. అప్పటి నుంచి మా ఆవిడ కామాక్షి కట్టిన క్యారియర్‌లో కూర ఒక గిన్నె అఖిల వాటా.

అఖిల ప్రశ్న చాలా సాదాసీదాది. నీడలో, గాలి తగలకుండా పెంచిన టమాటా నారు సన్నగా, పొడుగ్గా సాగిపోతుంది. పొలంలో నాటగానే నడుం విరిగి పడుతుంది. అలా సాగకుండా ఉండటానికి నర్సరీల్లో మందులు కొడతారు. మందు లేకుండా, రోజూ మొక్కల్ని మెత్తటి బ్రష్‌తో తాకితే? తాకిడిని మొక్క గాలి అనుకుంటుంది. గాలికి తట్టుకోవాలని ఎత్తు పెరగడం తగ్గించి కాండం లావు చేసుకుంటుంది. అలా పొట్టిగా, గట్టిగా పెరిగిన నారు నీటి ఎద్దడిని కూడా బాగా తట్టుకుంటుందా అన్నది తను తేల్చాలనుకున్నది.

ప్రయోగం ఇలా పెట్టింది. ఒకే బల్ల మీద రెండు వరసల ట్రేలు. ఒక వరస ట్రీట్‌మెంట్: పొద్దునా సాయంత్రం బ్రష్‌తో నిమిరేవి. రెండో వరస కంట్రోల్: అసలు ముట్టుకోకూడనివి. పోల్చి చూడటానికి అవే ఆధారం. కంట్రోల్ పాడైతే ప్రయోగం మొత్తం పాడైనట్టే. విత్తిన నారులో మిగిలిపోయిన ట్రే ఒకటి ఉంటే పారెయ్యడం ఇష్టంలేక పక్క నెట్‌హౌస్‌లో ఓ మూల పెట్టింది.

"సార్, నీళ్ళు అడుగు నుంచే పెట్టాలె. ట్రే కింద పళ్ళెంల పోస్తే అదే పీల్చుకుంటది. పై నుంచి చల్లద్దు. కంట్రోల్ వరసను మాత్రం అస్సలు ముట్టద్దు. మీరు కూడ."

"నేను కూడానా? నా చెయ్యి తగిలితే మొక్క పెరుగుతుందే గానీ తగ్గుతుందటమ్మా?"

"తగ్గుతది సార్. అదే గద నా థీసిస్!"

నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. కానీ ఆ మాట లోపల ఎక్కడో గుచ్చుకుంది. నా సర్వీసంతా మొక్కల్ని నిమిరిన చెయ్యి ఇది. రోజూ సాయంత్రం తలుపు వేసేముందు ప్రతి కుండీనీ ఓసారి నిమిరి వెళ్ళడం నాకలవాటు. దాన్నే అందరూ మూర్తిగారి హస్తవాసి అన్నారు. ఇప్పుడీ పిల్ల, ఆ చేత్తో ఇంతకాలం నేను మొక్కల్ని గిడసబారుస్తూ వచ్చానంటోంది.

మొదట్లో ఈ సంగతి ఎవరికైనా చెప్పాల్సి వస్తే, "కంట్రోల్ మొక్కలు పలకరించే దిక్కులేకుండా ఉంటే జాలేసింది, చెయ్యి ఊరుకోలేదు" అని చెప్పేవాణ్ణి. వినడానికి బాగుంటుంది. కానీ జాలి లేదు, ఏమీ లేదు. అఖిల బ్రష్ కన్నా నా చెయ్యి గొప్పదని నాకు నేను చూపించుకోవాలనిపించింది. ఆ పిల్ల సాయంత్రం గదికి వెళ్ళగానే కంట్రోల్ వరస ముందు నిలబడి ఒక్కొక్క మొక్కనూ కింద నుంచి పైదాకా నిమిరేవాణ్ణి. "పెరగండర్రా, అఖిలమ్మ నోరు మూయించండి" అనేవాణ్ణి. ఈ మాట రాస్తుంటే ఇప్పుడు కూడా చెవులు వేడెక్కుతున్నాయి.

అవి పెరగలేదు.

నెల తిరిగేసరికి కొలతలు తీసింది. బ్రష్ తగిలిన వరస పొట్టిగా ఉంది. తగలని వరస కూడా అంతే పొట్టిగా ఉంది. రెంటికీ తేడా లేదు. తేడా లేకపోతే థీసిస్ లేదు. ఫెలోషిప్ ఇంకో ఏడాదిలోపే అయిపోతుంది. ముందు రివ్యూ కమిటీ ఉంది. బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని స్కేలు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"గా మిగిలిన ట్రే చూసినరా సార్, పక్క నెట్‌హౌస్‌ల? గది మంచిగ పొడుగు పెరిగింది. విత్తనం ఒకటే, మట్టి ఒకటే. మరి ఈడ కంట్రోల్‌కు ఏమైంది? నేనే ఏదో తప్పు చేసిన సార్. ట్రేలు మారినయో ఏమో. మేడం నన్ను నమ్మదు."

చెప్పాల్సిన క్షణం అదే. నేను చెప్పింది ఇది:

"తప్పెందుకయిందమ్మా? ఇవి ఒకే బల్ల మీద ఉన్నాయి. తాకినవి తాకనివాటికి కబురు చెప్పి ఉంటాయి."

"కబురా?"

"పురుగు కొరికిన మొక్క గాలిలోకి వాసన వదిలి పక్క మొక్కల్ని హెచ్చరిస్తుందని మీ మేడమే క్లాసులో చెప్తారుగా. వోలటైల్స్. అలాగే ఇదీ. దూరంగా ఉన్న ట్రేకు కబురు అందలేదు. అది పెరిగింది. పక్కనున్నవి విన్నాయి. తగ్గాయి."

కాలేజీ బల్లల వెనకాల నిలబడి ఇన్నేళ్ళు పాఠాలు విన్నవాణ్ణి. అబద్ధానికి ఏ శాస్త్రం అతుకుతుందో నాకు బాగా తెలుసు. అంతకన్నా సిగ్గుపడాల్సిన సంగతి, ఆ మాట అంటున్నప్పుడు నాకు సరదాగా కూడా ఉంది. అత్తిపత్తి ముందు స్కూలు పిల్లల కళ్ళు ఎలా పెద్దవయ్యేవో అఖిల కళ్ళు అలా పెద్దవయ్యాయి.

మర్నాడు ఆ మాట పద్మజ మేడం దగ్గరకు వెళ్ళింది. మేడం అఖిలకు గైడ్. ఏ విషయానికీ తొందరగా పొంగే మనిషి కాదు. ఆవిడ కూడా కుర్చీలోంచి లేచి, "అఖిలా, ఇది నిజమైతే పెద్ద విషయం. తాకిడి కబురు గాలిలో వెళుతోందంటే సింపుల్ సంగతి కాదు. రిపీట్ చెయ్. ఈసారి ప్రాపర్‌గా మూడు గ్రూపులు పెట్టు" అన్నారు.

రెండో ప్రయోగం మొదలైంది. తాకేవి ఒక వరస. అదే బల్ల మీద తాకని పొరుగు వరస. పక్క నెట్‌హౌస్‌లో దూరపు వరస. పొరుగువి పొట్టిగా, దూరపువి పొడుగ్గా వస్తే నా కబురు సిద్ధాంతం నిజమైనట్టు. పొరుగువి కూడా పొడుగ్గా వస్తే సిద్ధాంతం కూలుతుంది, మొదటిసారి కంట్రోల్‌ను ఎవరు పాడుచేశారన్న ప్రశ్న లేస్తుంది. నెట్‌హౌస్ తాళంచెవి ఎవరి దగ్గర ఉందో అందరికీ తెలుసు.

ఈసారి నేను ఆ బల్ల దరిదాపులకు వెళ్ళలేదు.

ఈ ఒక్క వాక్యాన్ని నేను చాలామందికి చెప్పాను. మా ఆవిడకు చెప్పాను. మా కాలనీ పార్కులో నడిచే మిత్రులకు చెప్పాను. ఒప్పుకోవడం కష్టమైన చోటు ఇదే. నేను వెళ్ళాను. మొదటిసారి తాకింది గర్వంతో. రెండోసారి తాకింది తెలిసి, లెక్క వేసుకుని. పొరుగు వరసను నిమిరాను, దూరపు వరస జోలికి పోలేదు. మొదటిసారి నా చెయ్యి మొక్కను పెంచుతుందని నమ్మి నిమిరాను. ఇప్పుడు తగ్గిస్తుందని నమ్మి నిమిరాను. అఖిల థీసిస్ నిజమని ఆ విభాగంలో అందరికన్నా ముందు తెలిసినవాణ్ణి నేనే. ఆ తెలివిని ఆ పిల్ల మీదే వాడాను.

పొరుగు వరస పొట్టిగా రావడం మొదలైంది. ఇంకా కొలతలు పూర్తికాకుండానే ఒక జాతీయ సదస్సుకు అఖిల ఈ ఫలితాల సంగ్రహం, అంటే అబ్‌స్ట్రాక్ట్, రాసి పంపింది. మాట్లాడటానికి ఎంపికైంది. ఆ ఆదివారం మధ్యాహ్నం తార్నాకలో స్వీట్ల డబ్బా కొనుక్కుని మా ఇంటికొచ్చింది. కామాక్షి భోజనానికి ఉండమంది.

నేను అప్పుడే క్యాంపస్ నుంచి వచ్చాను. ఆదివారం పొద్దున నీళ్ళు పెట్టే డ్యూటీ నాది.

"మూర్తి సార్, గా ఐడియా మీదే గద. నా స్లైడ్‌ల మీ పేరు పెడత" అంది అఖిల.

"నా పేరెందుకమ్మా" అన్నాను. పెట్టమనే అన్నట్టు.

చేతులు కడుక్కోవడానికి హాల్లో వాష్‌బేసిన్ దగ్గరకు వెళ్ళాను. అఖిల కూడా కడుక్కోవాలని నా పక్కనే నిలబడింది. కామాక్షి వంటింట్లో అప్పడాలు వేయిస్తోంది. నేను సబ్బు రుద్దాను. నురగ లేచింది.

టమాటా మొక్కను నిమిరిన చేతికి ఒక జిగట అంటుకుంటుంది. కాండం మీదా ఆకుల మీదా కంటికి సరిగ్గా కనపడని నూగు ఉంటుంది. తాకగానే ఆ నూగు చివర్లు చిట్లి రసం వేళ్ళకు పూసుకుంటుంది. వేళ్ళు నల్లబడ్డట్టు ఉంటాయి, అంతే. సబ్బు తగిలితే మాత్రం నురగ పచ్చటి పసుపు రంగుకు తిరుగుతుంది. ఇంకే మొక్క పట్టుకున్నా నేను అలాంటి రంగు చూడలేదు. టమాటా చేలో పెరిగిన పిల్లకు దాన్ని ఎవరూ చెప్పక్కర్లేదు.

తెల్ల బేసిన్‌లోకి ఆ పసుపు నురగ జారుతోంది. కొళాయి పెద్దగా తిప్పాను. ఆలస్యమైపోయింది.

"మా అమ్మ చేతులు గిట్లనే ఉంటయి సార్, చేను నుంచి వస్తే" అంది అఖిల. నా వేళ్ళు చూస్తూ, "ఇయ్యాల ఏ మొక్కలు పట్టుకున్నరు?" అని అడిగింది.

"గేటు దగ్గర కుండీల్లో ఉన్నాయి కదమ్మా టమాటాలు. పిలకలు తుంచాను."

"అవి మొన్ననే పీకేసినం గద సార్. మీరే పీకిచ్చిన్రు."

కొళాయి కట్టేసి తువ్వాలు అందుకున్నాను. అప్పడాల పళ్ళెంతో వచ్చిన కామాక్షి మా ఇద్దర్నీ చూసి నవ్వింది. "ఆయన చేతులు రోజూ ఇంతేనమ్మా. తువ్వాళ్ళన్నీ పసుపు మరకలే. పొద్దస్తమానం ఆ నారుతో కబుర్లు. నన్నొక్కసారి అలా పలకరిస్తే ఒట్టు!"

"రోజూనా ఆంటీ?"

"రోజూ. ఈ వర్షాలు మొదలైన దగ్గర నుంచీ."

అఖిల చేతులు కడుక్కుని, వచ్చి పీట మీద కూర్చుంది. కామాక్షి నొచ్చుకుంటుందనే కాబోలు, వడ్డించిందంతా తింది. తల ఎత్తలేదు. గుత్తివంకాయ బాగుందని కూడా చెప్పింది. నేను ఏం తిన్నానో నాకు తెలియదు.

దిగబెట్టడానికి మెట్ల దాకా వెళ్ళాను.

"మొదటి ట్రయల్ల కూడ మీరేనా?"

"అమ్మా, అది..."

"అవునా కాదా చెప్పుండ్రి."

"అవును."

"మరి కబురు సంగతి?"

"నేను కల్పించాను."

రైలింగ్ పట్టుకుని ఓ మెట్టు కిందకు దిగి ఆగింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"నేను నిద్రల కూడ ట్రేలు మార్చిన్నా అని ఆలోచించిన సార్. నా బుద్ధి మీద నాకే అనుమానమొచ్చింది. మీరు గాడ నిలబడి చూసిన్రు గద. నాకు నీళ్ళు తెచ్చిచ్చిన్రు గద." రైలింగ్ వదిలేసింది. "రేపు మేడంకు మీరు చెప్తరా, నేను చెప్పాల్నా?"

"నేనే చెప్తాను" అన్నాను.

సోమవారం మేడం గదిలో ఇద్దరం నిలబడ్డాం. రాత్రంతా వాక్యాలు తయారుచేసుకున్నాను. చివరికి నా నోటి నుంచి వచ్చిన వాక్యం ఏమిటో చూడండి: "మేడం, నీళ్ళు పెట్టేటప్పుడు పొరపాటున కంట్రోల్ మొక్కలకు నా చెయ్యి తగిలినట్టుంది."

మేడం ముఖం మాడిపోయింది. కానీ నా వైపు తిరగలేదు. అఖిల వైపు తిరిగారు.

"నీళ్ళు పెట్టే మనిషికి ఇన్‌స్ట్రక్షన్ ఇవ్వడం ఎవరి పని? ఆయన పెద్దాయన, ఆయనకేం తెలుసు? నీ కంట్రోల్ నువ్వు చూసుకోలేకపోతే పీహెచ్‌డీ ఎందుకు? సంగ్రహం పంపేముందు ఓసారి నెట్‌హౌస్‌లో కూర్చుని చూశావా? నా పేరు కూడా ఉంది దాని మీద!"

అఖిల నేల చూస్తూ నిలబడింది. నా వైపు చెయ్యి చూపిస్తే అయిపోయేది. చూపించలేదు. నేనే చెప్తానన్నాను గనుక నా మాట కోసం ఆగింది. ఆ ఆగడం నేను తట్టుకోలేకపోయాను.

"పొరపాటున కాదు మేడం" అన్నాను. "ముట్టొద్దని ఆ అమ్మాయి చెప్పింది. స్పష్టంగా చెప్పింది. నేను కావాలనే రోజూ నిమిరాను. రెండోసారి కూడా. మొదటి తప్పు బయటపడకూడదని."

మేడం ఈసారి నా వైపు తిరిగారు. "తాళంచెవి ఇవ్వండి మూర్తిగారూ" అన్నారు. బల్ల మీద పెట్టాను. సర్వీసంతా నా నడుముకు వేలాడిన గుత్తి అది. తీసి పెట్టాక నడుం తేలికైంది. ఆ తేలిక అస్సలు బాగోలేదు.

సదస్సు నుంచి సంగ్రహం వెనక్కి తీసుకున్నారు. కారణం నెట్‌హౌస్‌లో సాంకేతిక లోపం అని రాశారు. నా పేరు ఎక్కడా రాలేదు. కాంట్రాక్టు అయిపోయేదాకా నన్ను హెర్బేరియంలో కూర్చోబెట్టారు. అక్కడ ఎండబెట్టి కాగితాలకు అతికించిన మొక్కలుంటాయి. వాటిని నిమిరినా ఏమీ కావు.

అఖిల మూడోసారి విత్తింది. ఆ ప్రయోగం మధ్యలోనే ఫెలోషిప్ గడువు అయిపోయింది. పొద్దున నెట్‌హౌస్, మధ్యాహ్నం నుంచి తార్నాకలో ఓ కోచింగ్ సెంటర్లో నీట్ పిల్లలకు వృక్షశాస్త్రం. ఇంట్లో పెళ్ళి సంబంధాలు చూస్తుంటే ఇంకో ఏడాది ఆగమని బతిమాలుకుందని తర్వాత తెలిసింది. నేను సాయంత్రం నడకకు వెళ్ళినప్పుడు కోచింగ్ సెంటర్ మెట్ల మీద సుద్దపొడి చేతులతో టీ తాగుతూ కనపడేది. నన్ను చూస్తే "నమస్తే సార్" అనేది. అంతకుమించి మాట ఉండేది కాదు. క్యారియర్‌లో కూర గిన్నె కామాక్షి ఇంకో రెండుసార్లు కట్టింది. దారిలో నేనే తినేసి, ఖాళీ గిన్నె వెనక్కి తెచ్చి, అఖిల తినేసిందని చెప్పాను.

ఒకసారి ధైర్యం చేసి అన్నాను: "రైతులకు బ్రష్‌లు ఎక్కడుంటాయమ్మా? చేత్తో తాకే వరస ఒకటి పెట్టి చూడు. కావాలంటే నా చెయ్యి..."

"వద్దు సార్" అంది. కోపం లేదు గొంతులో. డాక్టరు ఒక మందు వద్దన్నట్టు అంది.

మూడో ప్రయోగంలో తాకినవి పొట్టిగా, గట్టిగా వచ్చాయి. పక్కనే ఉన్న తాకనివి నిటారుగా, పొడుగ్గా పెరిగాయి. నీళ్ళు ఆపితే ముందు వాలిపోయింది ఆ పొడుగువే. మొదటి రోజు తను నాతో నవ్వుతూ చెప్పిన మాటే రుజువైంది, ఏడాదికి పైగా ఆలస్యంగా.

తాకిన మొక్క పొరుగు మొక్కకు నిజంగానే ఏదైనా చెబుతుందా? చెప్పవచ్చునేమో. మొక్కల మధ్య వాసనల కబుర్లు ఉన్నాయన్నది నా కల్పన కాదు. ఓపిగ్గా వెతికితే అఖిల ఏదైనా కనిపెట్టేదేమో కూడా. కానీ ఒకసారి వెనక్కి తీసుకున్న మాట జోలికి ఆమె మళ్ళీ వెళ్ళలేదు. మేడమూ వెళ్ళనివ్వలేదు. నేను పాడుచేసింది రెండు ట్రయల్స్ మాత్రమే అనుకునేవాణ్ణి. ఒక మంచి ప్రశ్నను ఆ పిల్లకు శాశ్వతంగా దూరం చేశానని తర్వాత అర్థమైంది.

పోయినేడు ఆమె వైవా జరిగింది. వైవా అంటే థీసిస్ మీద ఆఖరి మౌఖిక పరీక్ష. మా దగ్గర అది అందరి ముందూ జరుగుతుంది, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, ప్రశ్న అడగొచ్చు, మాట్లాడొచ్చు. కామాక్షి బలవంతాన వెళ్ళాను. వెనక వరసలో కూర్చున్నాను. ముందు వరసలో అఖిల అమ్మానాన్న. వాళ్ళమ్మ చేతివేళ్ళ నల్లటి గీతలు వాళ్ళు నా పక్క నుంచి వెళ్ళినప్పుడే కనపడ్డాయి.

బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన పరీక్షకుడు కాగితాలు తిరగేసి అడిగాడు: "మొదటి రెండు ట్రయల్స్ డేటా ఎందుకు తీసేశారు?"

"కంట్రోల్ మొక్కలకు టచ్ జరిగింది సార్" అంది అఖిల.

"ఎలా?"

"నెట్‌హౌస్ మీద అప్పుడు నా సూపర్‌విజన్ సరిగ లేదు. మిస్టేక్ నాదే."

ఆయన నవ్వాడు. "రైతు బిడ్డవి. నారు కాపాడుకోవడం తెలియకపోతే ఎలాగమ్మా?" హాలంతా నవ్వింది. వాళ్ళ నాన్న కూడా మర్యాదకు నవ్వబోయి, కూతురి ముఖం చూసి మానేశాడు. మేడం ఒక్కసారి వెనక్కి తిరిగి నా వైపు చూశారు.

అప్పుడు నేను లేచి నిలబడ్డాను. "సార్, ఆ తప్పు ఈ అమ్మాయిది కాదు, నాది" అన్నాను. హాలు నిశ్శబ్దమైపోయింది.

ఇలా రాసి, రెండు రోజులు అలాగే ఉంచుకున్నాను. చదువుకుంటే నాకే కళ్ళు చెమర్చాయి. కానీ నేను లేవలేదు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. పరీక్షకుడు తర్వాత ప్రశ్నకు వెళ్ళిపోయాడు. ఆ హాల్లో అన్నవాళ్ళు అన్నారు, పడాల్సినవాడి బదులు ఆ పిల్ల పడింది. అక్కడ లేచి చెప్పాల్సిన మాటే ఇప్పుడు ఇక్కడ చెబుతున్నాను. ఆ హాల్లో నవ్వినవాళ్ళలో ఎవరైనా ఇది చదివితే, నారు కాపాడుకోవడం ఆ అమ్మాయికి తెలుసు. కాపలా ఉన్నది నేను.

ఈ ఉద్యోగం మొత్తంలో నేను నేర్చుకున్నది ఏమిటని ఎవరైనా అడిగితే ఇదివరకు చాలా చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఒకటే చెబుతాను. ముచ్చటపడి తాకామా, గర్వంతో తాకామా అన్నది మొక్క చూడదు. తాకితే తాకినట్టే తీసుకుంటుంది. మనుషులు అంతకన్నా ఎక్కువ తీసుకుంటారు, పైకి కనపడనివ్వరు. నా హస్తవాసి అని నలుగురూ అన్నదాన్ని నేను నా గొప్ప అనుకున్నాను. ముట్టొద్దన్న చోట ముట్టకుండా ఉండగలగడం కూడా ఈ పనిలో సగం అని నాకు ఆలస్యంగా తెలిసింది.

వైవా అయ్యాక టీ, సమోసాలు ఇవ్వడం ఆనవాయితీ. డాక్టర్ అఖిల అని అందరూ పిలుస్తున్నారు. నేను మెల్లగా తలుపు వైపు జారుకుంటున్నాను. ఆ పిల్ల అందర్నీ దాటుకుని నా దగ్గరకు వచ్చింది. కాగితం ప్లేటు ముందుకు చాచి, ఇచ్చేముందు ఆగింది.

"చేతులు కడుక్కున్నరా సార్?"

పక్కనున్నవాళ్ళు పెద్దాయనతో పరాచికం అనుకుని నవ్వారు. అఖిల నవ్వలేదు. అలాగని ప్లేటు వెనక్కి తీసుకోనూ లేదు. నేను రెండు చేతులూ తిప్పి చూపించాను, ఇటూ అటూ, స్కూలు పిల్లాడు టీచరుకు చూపించినట్టు. బాగా చూసింది. చూశాక ఇచ్చింది.